పరుగు గుంపులో అందరికన్నా వెనకున్న మనిషి

పరుగుకి ఒక జత బూట్లు చాలంటారు. జట్టు అక్కర్లేదు, మైదానం అక్కర్లేదు, ఎదురు పక్షం అసలే అక్కర్లేదు. తలుపు తీసుకుని బయటికి వెళ్తే మొదలైపోయినట్టే. ఇంత తేలికైన పనిని ఉత్సాహంగా మొదలుపెట్టినవాళ్ళలో ఎంతోమంది రెండు మూడు నెలల్లో ఎందుకు మానేస్తారని అడిగితే, "పట్టుదల లేదు" అన్న జవాబే ఎక్కువగా వినబడుతుంది. చెప్పేవాళ్ళకి ఈ జవాబు హాయిగా ఉంటుంది, వాళ్ళింకా పరుగెడుతున్నారు కాబట్టి. నాకు మాత్రం ఇది సగం కూడా నిజమనిపించదు. ఒకే ఆఫీసులో ఒక విభాగంలో పదిమంది పొద్దున్నే లేచి పరుగెడుతుంటారు, పక్క విభాగంలో ఒక్కరూ ఉండరు. పట్టుదల గలవాళ్ళంతా ఏరికోరి ఒకే విభాగంలో చేరారనుకోవాలా?

నా వాదన రెండు ముక్కల్లో చెప్తాను. ఎవరు పరుగు కొనసాగిస్తారు, ఎవరు మానేస్తారు అన్నది చాలావరకు వాళ్ళ చుట్టూ ఉన్న పరిచయాల్ని బట్టి ఉంటుంది. ఆ పరిచయాల్లో అందరి చూపూ ముందు వరసలో దూసుకుపోయే రన్నర్ మీదే ఉంటుంది గానీ, గుంపుని నిలబెట్టేదీ పెంచేదీ అందరికన్నా వెనక వచ్చే మనిషి. రన్నింగ్ క్లబ్బులూ వాట్సాప్ గ్రూపులూ యాప్‌లూ ఈ రెండో సంగతిని ఎక్కువగా తలకిందులుగా పట్టుకున్నాయి.

మొదటి ముక్కకి రుజువు అంత సులువుగా దొరకలేదు. స్నేహితుల అలవాట్లు ఒకేలా ఉంటాయని అందరికీ తెలుసు. కానీ ఒకరిని చూసి ఒకరు మారారా, ముందునుంచీ ఒకేలాంటి వాళ్ళు కాబట్టే స్నేహితులయ్యారా? 2007లో నికొలస్ క్రిస్టాకిస్, జేమ్స్ ఫౌలర్ అనే ఇద్దరు అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ గుండె జబ్బుల అధ్యయనంలో ఉన్న 12,067 మంది వివరాలు తిరగేశారు. 32 ఏళ్ళ రికార్డులవి. ఊబకాయం స్నేహితుల మధ్య పాకుతుందని వాళ్ళు రాస్తే పెద్ద సంచలనమైంది. మరుసటి ఏడాదే ఇంకో ఇద్దరు పరిశోధకులు అలాంటి లెక్కల పద్ధతే వాడి మొటిమలు, తలనొప్పి, చివరికి ఎత్తు కూడా స్నేహితుల నుంచి "అంటుకుంటాయని" తేల్చి చూపించారు. స్నేహితుణ్ణి చూసి ఎవరూ పొడుగవరు కదా. పద్ధతిలోనే లొసుగుందని వాళ్ళ ఎత్తిపొడుపు.

పరుగు విషయంలో ఈ చిక్కుముడి విప్పింది వాన. 2017లో సినాన్ ఆరల్, క్రిస్టోస్ నికొలైడెస్ అనే పరిశోధకులు దాదాపు 11 లక్షల మంది రన్నర్ల ఐదేళ్ళ రికార్డులు తీసుకున్నారు. ఎంత పరుగెత్తారో వాళ్ళని అడిగి రాసుకున్న అంకెలు కావవి, ఒంటి మీది పరికరాలు నమోదు చేసినవి. ఒక ఊళ్ళో వాన పడితే అక్కడివాళ్ళు తక్కువ పరుగెడతారు. వాళ్ళ స్నేహితుడు ఇంకో ఊళ్ళో ఉన్నాడు, అక్కడ ఆకాశం నిర్మలంగా ఉంది. అయినా ఆ రోజు ఇతని పరుగు కూడా తగ్గితే, దానికి స్నేహితుడి ప్రభావం తప్ప వేరే కారణం చెప్పడం కష్టం. ఎవరికెవరు స్నేహితులో చూసుకుని వాన పడదు. తేలిందేమిటంటే, స్నేహితులు ఒక కిలోమీటరు ఎక్కువ పరుగెడితే మనిషి అదే రోజు 0.3 కిలోమీటరు ఎక్కువ పరుగెడతాడు. వాళ్ళు పది నిమిషాలు ఎక్కువ పరుగెడితే ఇతను మూడు నిమిషాలు. చిన్న అంకెలే. కానీ ఎవరూ ఎవరినీ రమ్మనకుండా, బతిమాలకుండా, తోటివాళ్ళు చేసింది తెలిసినందుకే వచ్చిన మార్పు అది.

అదే అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది. నా రెండో ముక్కకి ఆధారం అదే. తక్కువ పరుగెత్తేవాళ్ళు ఎక్కువ పరుగెత్తేవాళ్ళని కదిలించారు. ఎక్కువ పరుగెత్తేవాళ్ళు మాత్రం తక్కువ పరుగెత్తేవాళ్ళని కదిలించలేకపోయారు. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. వారానికి అరవై కిలోమీటర్లు చేసే మనిషిని చూసి వారానికి ఎనిమిది చేసే మనిషి లేవడు, అదేదో వేరే లోకం వ్యవహారం అనుకుంటాడు. ఎనిమిది చేసేవాడు పన్నెండుకి చేరాడని చూస్తే అరవైవాడికి మాత్రం వీపు వెనక అడుగుల చప్పుడు వినబడుతుంది. "గొప్ప రన్నర్లని ముందు నిలబెడితే జనం స్ఫూర్తి పొందుతారు" అన్న నమ్మకం మీద నడిచే క్లబ్బులన్నీ ఈ ఒక్క ఫలితం దగ్గర ఆగి ఆలోచించాలి.

ఒక హద్దు కూడా చెప్పుకోవాలి. ఆ 11 లక్షల మందీ అప్పటికే పరికరం కొనుక్కుని పరుగెడుతున్నవాళ్ళు. ఉన్న రన్నర్ ఇంకాస్త పరుగెత్తడం గురించే ఆ లెక్కలు మాట్లాడతాయి. సోఫాలో కూర్చున్న మనిషి లేవడం వేరే సంగతి.

లేవడం గురించి

2010లో డేమన్ సెంటోలా అనే పరిశోధకుడు ఆన్‌లైన్‌లో ఒక ప్రయోగం చేశాడు. 1,528 మందిని చేర్చుకుని, వాళ్ళని రెండు రకాల అల్లికల్లో కూర్చాడు. ఒక రకంలో మన పరిచయస్తులు ఒకరికొకరు కూడా తెలిసినవాళ్ళు. రెండో రకంలో పరిచయాలు ఎక్కడెక్కడికో విసిరేసినట్టుంటాయి. ఒక ఆరోగ్య వేదికలో చేరడమనే చిన్న పని రెండింటిలో ఎలా పాకుతుందో చూశాడు. దగ్గరల్లికలో 54 శాతం మంది చేరారు, చెదిరినదాంట్లో 38 శాతం. పుకారో వార్తో అయితే చెదిరిన పరిచయాల మీదే వేగంగా పరుగెడుతుంది, ఒక్కసారి వింటే చాలు కాబట్టి. కష్టంతో కూడిన అలవాటు అలా కాదు. ఒక్కరు చేస్తే చూస్తాం, ముగ్గురు చేస్తే మనమూ కదులుతాం. నలుగురితో నారాయణ అనే మాట ఊరికే పుట్టలేదు.

పరుగుకి ఇది మరీ ఎక్కువగా వర్తిస్తుంది. నిద్ర పోతుంది, ఒళ్ళు నొప్పులు పుడతాయి, అన్నిటికన్నా ముందు నలుగురి కంటా రొప్పుతూ కనబడాలి. మొదటి నెలలో చాలామందిని ఆపేది ఊపిరి కన్నా ఈ సిగ్గే. ఒక స్నేహితుడు మారథాన్ పతకం మెడలో వేసుకుని ఫోటో పెడితే "వాడు మొదట్నుంచీ అలాంటివాడే" అని లైకు కొట్టి ఊరుకుంటాం. మనలాగే పొట్ట ఉన్నవాళ్ళు, మనలాగే మెట్లెక్కితే ఆయాసపడేవాళ్ళు ముగ్గురు వారం తిరిగేసరికి రెండు కిలోమీటర్లు పరుగెత్తొచ్చారని తెలిస్తే, చెప్పుకోడానికి సాకు మిగలదు.

అందుకని కొత్తవాళ్ళని ఒక్కొక్కరిగా పిలవడం శ్రమ దండగ. ఒకరికొకరు ముందే తెలిసిన ఇద్దర్నో ముగ్గుర్నో కలిపి పిలవాలి. ఒకరు రాని రోజు రెండోవాళ్ళు ఫోన్ చేస్తారు, నిర్వాహకుడు చేయనక్కర్లేదు. మొదటి ఆరువారాలూ అదే జత, అవే రోజులు, అదే గంట ఉంచాలి. రోజుకో వేళ పెడితే పాతవాళ్ళు సర్దుకుంటారు, కొత్తవాళ్ళు జారిపోతారు.

వాళ్ళ చేత ఏం చేయించాలన్నదానికి కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. 1996లో జాష్ క్లార్క్ అనే రన్నర్ కొత్తవాళ్ళ కోసం రాసిన తొమ్మిది వారాల ప్రణాళిక ఇప్పటికీ పనిచేస్తుంది. వారానికి మూడు రోజులు. మొదటి వారం ఐదు నిమిషాలు చురుగ్గా నడక, తర్వాత 60 సెకన్లు మెల్లటి పరుగు, 90 సెకన్లు నడక, అలా ఇరవై నిమిషాలు. అంటే ఎనిమిది విడతలు, మొత్తం పరుగు ఎనిమిది నిమిషాలే. బయటినుంచి చూస్తే ఇదేం పరుగు అనిపిస్తుంది, సరిగ్గా అక్కడే పాతవాళ్ళు పాడుచేస్తారు. "నువ్వు బాగానే ఉన్నావు, ఇంత నెమ్మది నీకెందుకు" అని కొత్త మనిషిని రెండో వారం నుంచి ఐదో వారానికి దూకిస్తారు. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే తేరుకుంటాయి. కాలి ముందెముకకీ పిక్క నుంచి మడమకి దిగే స్నాయువుకీ (టెండన్) అంతకన్నా చాలా ఎక్కువ కాలం పడుతుంది. ఆయాసం రావట్లేదు కదా అని వేగం పెంచిన మనిషికి నాలుగో వారంలో ముంగాలు నొప్పెడుతుంది, ఆరో వారంలో కనబడడు. ఆ 90 సెకన్ల నడకకి ఇంకో ఉపయోగం కూడా ఉంది. పక్కమనిషి పేరూ పనీ తెలిసేది అప్పుడే. పరుగు మధ్యలో నడక తీసేస్తే పరిచయం పెరిగే చోటు కూడా పోతుంది.

వేగం దగ్గర జరిగే తప్పులు

1960ల మొదట్లో న్యూజీలాండ్‌లోని ఆక్లండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అనే కోచ్ పోటీలతో సంబంధం లేని మామూలు జనాన్ని, అందులో గుండె జబ్బు నుంచి కోలుకున్నవాళ్ళని కూడా, కలిపి పరుగెత్తించడం మొదలుపెట్టాడు. 1962 చివర్లో అమెరికా నుంచి వచ్చిన కోచ్ బిల్ బవర్‌మన్ ఆ గుంపుతో వెళ్ళి వెనకబడిపోయాడు. డెబ్భై దాటిన ఒక పెద్దాయన ఆయనకోసం వేగం తగ్గించి పక్కనే మాట్లాడుతూ తీసుకొచ్చాడు. బవర్‌మన్ ఇంటికెళ్ళి తన ఊళ్ళో అలాంటి గుంపునే మొదలుపెట్టాడు, అమెరికాలో జాగింగ్ ఊపందుకోడానికి అదొక పెద్ద కారణం. ఆ పెద్దాయన ముందుకెళ్ళిపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

మాట్లాడగలిగే వేగమే సరైన వేగం అని అందరూ చెప్తారు. పాటించడం ఎందుకు కుదరదో తెలియాలంటే ఇద్దరు పక్కపక్కన పరుగెత్తడం దగ్గర్నుంచి చూడాలి. ఒకరు తెలియకుండానే అర అడుగు ముందుంటారు. రెండోవాళ్ళు ఆ అర అడుగూ అందుకుంటారు. అందుకోగానే మొదటివాళ్ళు మళ్ళీ అర అడుగు జరుగుతారు. ఎవరూ వేగం పెంచుదామనుకోలేదు, కానీ కిలోమీటరుకి 7:30 నిమిషాలతో మొదలైనది రెండో కిలోమీటర్లో 7:05 అవుతుంది, మూడోదాంట్లో 6:45. మాటలు ముందు పొడవు తగ్గుతాయి, తర్వాత "ఊఁ" దగ్గరికొస్తాయి, తర్వాత ఆగిపోతాయి. కొత్త మనిషిని కనిపెట్టుకుని ఉండాల్సినవాళ్ళు అందుకే పక్కన కాకుండా ఒక అడుగు వెనకే ఉండాలి. వేగం ఎవరిదో అప్పుడు స్పష్టంగా ఉంటుంది.

గుంపు విడిపోకుండా ఉండటానికి ఎక్కువ క్లబ్బులు చేసేది, ముందువాళ్ళు ఒక మలుపు దగ్గర ఆగి వెనకవాళ్ళ కోసం చూడటం. చివరి మనిషి చేరగానే "అందరూ వచ్చేశారు, పదండి" అని బయల్దేరతారు. విశ్రాంతి అక్కర్లేనివాళ్ళకి మూడు నిమిషాల విశ్రాంతి, కావాల్సిన మనిషికి సున్నా. మర్యాదగానే కనబడే ఈ పద్ధతి చివరి మనిషిని వారంవారం తరిమేస్తుంది. ఆగకుండా వెనక్కి తిరిగి చివరి మనిషి దాకా వచ్చి మళ్ళీ ముందుకెళ్ళడం దీనికన్నా చాలా మేలు. ముందువాళ్ళకి కిలోమీటర్లు పెరుగుతాయి, చివరి మనిషికి ఎవరో తనకోసం నిలబడి గడియారం చూస్తున్నారన్న ఇబ్బంది తప్పుతుంది.

అన్నిటికన్నా మంచిది దూరాన్ని వదిలేసి సమయం పెట్టుకోవడం. అందరూ ఒకే చోట బయల్దేరి పదిహేను నిమిషాలు వెళ్తారు, గడియారం చూసుకుని ఎక్కడున్నవాళ్ళు అక్కడే వెనక్కి తిరుగుతారు. కిలోమీటరుకి ఆరు నిమిషాలవాడు అప్పటికి రెండున్నర కిలోమీటర్లు పోయుంటాడు, ఏడున్నర నిమిషాలవాడు రెండు. తిరగ్గానే నెమ్మదైనవాడు అర కిలోమీటరు ముందుంటాడు, వేగమైనవాడు తరుముకుంటూ వస్తాడు. ఇద్దరూ దాదాపు ఒకేసారి చేరతారు. టీ నీళ్ళు తాగేటప్పుడు అందరూ ఉంటారు, పరిచయాలు పెరిగేది ఆ పది నిమిషాల్లోనే. ఇందులో జరిగే తప్పు ఒకటే. వెళ్ళేటప్పుడు తొందరపడి, వచ్చేటప్పుడు ఈడ్చుకుంటూ రావడం. తిరుగు ప్రయాణానికి పదహారు నిమిషాలు దాటితే వచ్చేసారి మెల్లగా వెళ్ళమని చెప్పడానికి ఎవరూ బాధపడక్కర్లేదు, గడియారమే చెప్తుంది.

చివరి మనిషిని లెక్కలోకి తీసుకుని మొత్తం కట్టడాన్ని నిలబెట్టిన ఉదాహరణ పార్క్‌రన్. 2004 అక్టోబర్ 2న లండన్‌లోని బుషీ పార్క్‌లో పాల్ సింటన్-హ్యూయిట్ మొదలుపెట్టినప్పుడు పరుగెత్తింది 13 మంది. ప్రతి శనివారం ఐదు కిలోమీటర్లు, రుసుము లేదు, నడిపేదంతా స్వచ్ఛంద సేవకులు. ముగింపు దగ్గర ప్రతి మనిషికీ ఒక టోకెన్ ఇస్తారు, దాన్ని అతని బార్‌కోడ్‌తో కలిపి స్కాన్ చేస్తారు, మొదటి మనిషికీ చివరి మనిషికీ ఫలితాల్లో ఒకే సైజు వరస. వీటన్నిటికన్నా తెలివైన పని టెయిల్ వాకర్ అనే పాత్ర. ఒక సేవకుడు అందరికన్నా వెనక నడిచి అందరి తర్వాతే చేరతాడు, కాబట్టి వచ్చినవాళ్ళెవరూ ఆఖరు కారు. ప్రత్యేక టీషర్టుకి అర్హత వచ్చేది ఎంత వేగంగా పరుగెత్తారని కాదు, 25, 50, 100 సార్లు వచ్చారని. 2024లో వెబ్‌సైట్ నుంచి కోర్సు రికార్డుల్లాంటి వేగం పట్టికలు తీసేశారు. వేగమైన రన్నర్లు గట్టిగానే గోల చేశారు. ఏళ్ళు గడిచేకొద్దీ పార్క్‌రన్ సగటు ముగింపు సమయం పెరుగుతూ వచ్చింది. దాన్ని పతనంగా చూసేవాళ్ళున్నారు. ఇంతకుముందు గుమ్మం దాటనివాళ్ళు వస్తున్నారని దానర్థం, నా దృష్టిలో విజయానికి అంతకన్నా కొలమానం లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి. బలమైనవాళ్ళ పక్కన బలహీనులు ఇంకా గట్టిగా ప్రయత్నిస్తారు కదా? నిజమే. 1920ల్లో జర్మనీలో ఆటో కోలర్ తెడ్లతో పడవలు నడిపే క్లబ్బు సభ్యుల మీద ప్రయోగాలు చేసి ఈ ప్రభావాన్ని చూపించాడు, ఆయన పేరుతోనే అది ప్రసిద్ధి. కానీ ఇద్దరి శక్తిలో తేడా ఒక మోస్తరుగా ఉన్నప్పుడే అది బాగా పనిచేస్తుంది. తేడా మరీ ఎక్కువైతే బలహీనుడు చేతులెత్తేస్తాడు. పరుగులో కిలోమీటరుకి ముప్ఫై, నలభై సెకన్ల తేడా ఉన్న జత నిలుస్తుంది, రెండు నిమిషాల తేడా ఉన్న జత ఒక్కరోజు ముచ్చటే.

గుంపు చేసే చెడు

తోటివాళ్ళ ప్రభావం ఎప్పుడూ మంచే చేస్తుందనుకోకూడదు. అదనపు కిలోమీటరు అంటుకున్నట్టే గాయమూ అంటుకుంటుంది. పరుగు గంటల లెక్కన చూస్తే, కొత్త రన్నర్ల గాయాల రేటు అలవాటైనవాళ్ళదానికి రెట్టింపు పైనే: 2015లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం వెయ్యి గంటల పరుగుకి కొత్తవాళ్ళలో 17.8, వినోదం కోసం పరుగెత్తే పాతవాళ్ళలో 7.7. వారం మొత్తం దూరాన్ని పది శాతానికి మించి పెంచొద్దన్న పాత నియమం పరీక్షల్లో అంతగా నిలబడలేదు. 2025లో 5,205 మంది రన్నర్ల మీద వచ్చిన అధ్యయనం ఇంకో కొలత చెప్పింది. గత 30 రోజుల్లో ఒకే విడతలో పరుగెత్తిన అత్యధిక దూరాన్ని ఏ ఒక్కరోజైనా పది శాతానికి మించి దాటితే గాయం ప్రమాదం పెరుగుతుంది, రెట్టింపు చేస్తే మరీ ఎక్కువ.

ఇది గుంపులకి నేరుగా తగిలే సంగతి. వారమంతా ఒంటరిగా ఐదారు కిలోమీటర్లు చేసే మనిషి ఆదివారం లాంగ్ రన్‌కి వస్తాడు. గుంపు పద్నాలుగు చేస్తోంది. మాటల్లో పడి పద్నాలుగూ చేసేస్తాడు, గర్వంగా ఇంటికెళ్తాడు. నెలలో అతని అతి పొడవైన పరుగు ఎనిమిది అయితే ఆ రోజు అతని హద్దు 8.8. కాబట్టి లాంగ్ రన్‌ని ఒకే పెద్ద చుట్టుగా పెట్టకూడదు. మూడు, నాలుగు కిలోమీటర్ల చుట్లు బయల్దేరిన చోటికే వచ్చేలా వేయాలి, ఎక్కడైనా ఆగిపోడానికి వీలుగా. బయల్దేరేముందు "నెలలో నీ పెద్ద పరుగెంత?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. గాయపడి నెల రోజుల తర్వాత తిరిగొచ్చిన సీనియర్‌కి ఆ ప్రశ్నకి జవాబు సున్నా, అతను మళ్ళీ 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక బ్యాచ్‌లో చేరాలి. నామోషీ పడతారు గానీ, కొత్తవాళ్ళకి దానంత ధైర్యమిచ్చే దృశ్యం ఇంకోటి లేదు.

యాప్‌ల సంగతికొస్తే, 2009లో మొదలైన స్ట్రావా లాంటివి చేసిన మేలు కాదనలేం. ఎవరో ఒకరు చూస్తున్నారన్న భావన ఇస్తాయి, లైకు లాంటి ఒక కుడోస్ బొటనవేలు ఖరీదు లేనిదే అయినా ఉత్సాహమిస్తుంది. కానీ వాటి డిజైన్ అంతా పైకి చూపిస్తుంది. సెగ్మెంట్‌లో (అందరి సమయాల్నీ పోల్చే దారి ముక్కలో) మొదటి పదిమంది, నెలకి అత్యధిక దూరం, అత్యుత్తమ సమయం. తొమ్మిదివందల పన్నెండో స్థానంలో ఉన్నానని తెలిసి ఎవరు బూట్లు కట్టుకుంటారు?

నా వాదనకి అడ్డుతగిలే అధ్యయనం ఒకటుంది, దాన్ని దాటెయ్యడం నిజాయితీ కాదు. 2016లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ళు దాదాపు 790 మంది విద్యార్థుల్ని 11 వారాల వ్యాయామ తరగతుల్లో పరీక్షించారు. కొందరికి తోటివాళ్ళ హాజరు చూపించి పోటీ పెట్టారు, కొందరికి ఒకరినొకరు ప్రోత్సహించుకునే బృందాలిచ్చారు. పోటీ పెట్టినవాళ్ళ హాజరు ఏమీ పెట్టనివాళ్ళకన్నా దాదాపు 90 శాతం ఎక్కువ. ప్రోత్సాహ బృందాలైతే ఏమీ లేనివాళ్ళకన్నా కూడా వెనకబడ్డాయి. తియ్యటి మాటలతో పని జరగదని దీన్ని చూపించేవాళ్ళున్నారు. నేను చూసేది ఇంకోటి: వాళ్ళు పోటీ పెట్టింది దేంట్లో? తరగతికి రావడంలో. వేగంలో కాదు. పైగా తమలాంటి కొద్దిమందితో. ప్రోత్సాహ బృందంలో నలుగురు రాకపోతే రాకపోవడమే మామూలు సంగతిగా మారిపోతుంది. పోటీ పట్టికలో వచ్చినవాళ్ళే కంటికి కనబడతారు. కాబట్టి పట్టిక పెట్టండి, కానీ ఐదారుగురు సమానులతో, వారంలో ఎన్ని రోజులు వచ్చారన్నదాని మీద, నాలుగు రోజుల దగ్గర గరిష్ఠ పరిమితితో. ఐదో రోజుకి మార్కు లేకపోతే ఎవరూ మోకాలు పాడుచేసుకోరు. దూరమూ వేగమూ పట్టికలో పెట్టొద్దు.

స్త్రీల విషయం విడిగా చెప్పాలి. ఆ వాన అధ్యయనంలోనే, పురుషులు ఇద్దరి ప్రభావానికీ లోనయ్యారు, స్త్రీలని స్త్రీలే కదిలించారు. 1967లో బోస్టన్ మారథాన్‌లో నంబరు కట్టుకుని పరుగెడుతున్న కాథ్రిన్ స్విట్జర్‌ని నిర్వాహకుడొకరు రోడ్డు మీదే లాగెయ్యబోయాడు. అక్కడ స్త్రీలని అధికారికంగా అనుమతించింది 1972లో, ఒలింపిక్స్‌లో స్త్రీల మారథాన్ పెట్టింది 1984లో. ముందుతరం పరిచయాలు అంత ఆలస్యంగా ఏర్పడ్డాయన్నమాట. పదిహేనుమంది మగవాళ్ళ గుంపులో ఒక స్త్రీని చేర్చి "మాకు అందరూ సమానమే" అంటే సరిపోదు, ఆమెని కదిలించే సంబంధం ఆ గుంపులో లేదు. కనీసం ముగ్గురు ఉండాలి, అందులో ఒకరు పేసర్‌గా, అంటే గుంపు వేగాన్ని నడిపించే మనిషిగా ఉండాలి, బయల్దేరే చోటు వెలుతురున్నదై ఉండాలి. యాప్‌లో పరుగు మొదలూ చివరా కొన్ని వందల మీటర్లు దాచే సెట్టింగు ఉంటుంది, అది మొదటిరోజే పెట్టించాలి. రోజూ ఒకే వేళ ఒకే ఇంటి ముందు మొదలయ్యే గీత చిరునామాతో సమానం. అందరి పరుగు దారుల్నీ ఒకే పటంలో చూపించే స్ట్రావా హీట్‌మ్యాప్‌లో సైనిక స్థావరాల దారులే బయటపడ్డాయని 2018 జనవరిలో లోకమంతా చూసింది.

వాట్సాప్ గ్రూపుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నూట యాభై మంది సభ్యులు, గుడ్‌మార్నింగ్ బొమ్మలు, పరుగుకొచ్చేది పన్నెండుమంది. మాటలకో గ్రూపు, పరుగుకో గ్రూపు వేరుచేసి, రెండోదాంట్లో ముందురోజు సాయంత్రం ఒక్క సందేశమే పెట్టాలి: "రేపు 5:45, పార్కు రెండో గేటు. 15 నిమిషాలు వెళ్ళి 15 నిమిషాలు రావడం. మాట్లాడుకునే వేగం. చివర్న నేనుంటాను." చోటు, వేళ, ఎంతసేపు, ఎంత వేగం, చివర్న ఎవరు. కొత్త మనిషి అడగడానికి మొహమాటపడే ప్రశ్న ఆఖరిదే. రెండు వారాలు కనబడనివాళ్ళకి గ్రూపులో కాకుండా విడిగా ఫోన్ చేయాలి, ఆ చేసేది కూడా వాళ్ళ జతగాళ్ళయితే మంచిది. "అందరం మిస్సవుతున్నాం" అని నలుగురి ముందూ పెడితే తప్పించుకుని తిరుగుతారు.

ఇలా అంతా వెనకవాళ్ళ కోసమే అయితే వేగమైనవాళ్ళు వెళ్ళిపోరా అంటే, వాళ్ళకి వారంలో ఒక్కరోజు గట్టి పని ఇస్తే వెళ్ళరు. అది కూడా అందరితో కలిసే చేయొచ్చు. 400 మీటర్ల ట్రాకు మీద దూరం పెట్టకుండా సమయం పెట్టాలి: మూడు నిమిషాలు ఎవరి శక్తికి తగ్గట్టు వాళ్ళు గట్టిగా, రెండు నిమిషాలు మెల్లగా, ఐదారు విడతలు. ఆ రెండు నిమిషాల్లో ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి, వెనకున్నవాళ్ళు ముందుకు నడుస్తూ, మధ్యలో కలుసుకుంటారు. తర్వాతి విడత అక్కడినుంచే అందరూ కలిసి మొదలుపెడతారు. మొదటి నాలుగు వారాల్లో ఉన్నవాళ్ళు అదే వేళకి ట్రాకు బయటి వరసలో తమ పరుగు, నడక లెక్క చూసుకోవచ్చు, లోపలి వరస గట్టిగా పరుగెత్తేవాళ్ళకి వదిలేయాలి.